బల్ల మీద రెండు దెబ్బలు

మా ఆఫీసులో ఆవిడకి మహారాణి అని పేరు పెట్టింది నేనే. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఒకసారి పిలిచినా అంతే, నాలుగుసార్లు పిలిచినా అంతే. ఎనిమిదేళ్లు ఆవిడ వెనక సీటులో కూర్చుని గొంతు చించుకున్నాను. ఒకరోజు ఒళ్లు మండి, "మహారాణిగారికి తీరిక దొరికితే ఒక్క సంతకం ఇప్పించండి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ అప్పుడు కూడా తిరగలేదు. ఆ పేరు అలా ఉండిపోయింది.

ఆవిడకి వినపడదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఇంట్లో ఉన్న చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియకూడదని ఆవిడ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

మాది పార్సిళ్లు చేరవేసే కంపెనీ. ఆవిడది పోయిన పార్సిళ్ల కౌంటర్. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోపంగా ఉన్న మనుషులే వస్తారు. మధ్యలో మందపాటి గాజు, దానికి అరచేయంత కన్నం. బయటివాళ్లు ఎంత అరిచినా లోపలికి సగమే వస్తుంది. ఆవిడ సెలవు పెట్టిన రోజు అక్కడ కూర్చున్నవాళ్లు "ఆఁ? ఏంటి? మళ్లీ చెప్పండి" అంటూ చెవిని కన్నానికి అంటించుకునేవారు. ఆవిడ మాత్రం ఏనాడూ మళ్లీ చెప్పమనలేదు. ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ కూర్చునేది. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా కన్ను పక్కకి తిప్పేది కాదు. ఎంత చిందులు తొక్కుతూ వచ్చినవాడైనా రెండు నిమిషాల్లో చల్లబడేవాడు. "మీ ఆఫీసులో ఆ మేడమ్ ఒక్కరే మా మాట విన్నారు" అని ఉత్తరాలు రాసేవారు. మేనేజరు వాటిని గోడకి అంటించేవాడు.

పెదాలు చూసి మాట పట్టుకునే మనిషికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? అక్కడ ప్రతివాడూ మొహం చూపించే మాట్లాడతాడు.

భయమంతా వీపు వైపు. వెనక పధ్నాలుగు మందిమి ఉండేవాళ్లం. మబ్బు పట్టిన రోజుల్లో, సాయంత్రం లైట్లు వేశాక, ఎదుట ఉన్న గాజులో మేమంతా కనపడేవాళ్లం. ఎవరు లేచారో, ఎవరు వస్తున్నారో చూసుకుని, సరిగ్గా పిలిచే సమయానికి తిరిగేది. పొద్దున పూట ఎండ పడితే గాజులో ఏమీ కనపడేది కాదు. అప్పుడు చిక్కుకుపోయేది. మేమేమో "మహారాణి పొద్దున్నే దర్శనం ఇవ్వదు, భోజనం పడ్డాకే కరుణిస్తుంది" అని నవ్వుకునేవాళ్లం.

పిలిచి పిలిచి విసుగొస్తే నేను లేచి వెళ్లి, ఆవిడ బల్ల మీద పిడికిలితో రెండు దెబ్బలు వేసేదాన్ని. ఠక్, ఠక్. పెద్దావిడ దగ్గర అలా చేయడం మర్యాద కాదని తెలుసు. అయినా నా కోపం నాది. ఆ దెబ్బలకి మాత్రం వెంటనే తలెత్తేది. నవ్వి "చెప్పమ్మా" అనేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

ముప్పై నాలుగో ఏట కుడి చెవి పోయిందట, నలభై వచ్చేసరికి ఎడమది కూడా. చెవి మిషను రెండేళ్లు పనిచేసి, ఆ తర్వాత ఉత్త రొద తప్ప ఏమీ ఇవ్వలేదు. మా దగ్గరికి రాకముందు చేసిన ఉద్యోగంలో ఆవిడ నిజం చెప్పింది. అక్కడి పెద్దమనిషి చాలా జాలిపడ్డాడు. "మీరు ఇబ్బంది పడకండమ్మా" అని లోపల గదిలోకి మార్చాడు. నాలుగు నెలల తర్వాత ఆ గదే అక్కర్లేదన్నాడు. అందుకే మా దగ్గర నోరు విప్పలేదు. జుట్టు చెవుల మీదికి దువ్వుకుని వచ్చి ఆ కౌంటర్లో కూర్చుంది.

ఇవన్నీ నాకు చెప్పింది వాళ్ల చెల్లెలు. అంతా బయటపడ్డాక నన్ను నాలుగు మాటలు అనడానికే మా ఇంటికి వచ్చింది. అనాల్సినవన్నీ అనేసి, మధ్యలో ఏడుపొచ్చి కూర్చుని, మిగతాదంతా చెప్పింది.

ఇక ఆ ఆటల సంగతి.

మా కంపెనీవాళ్లకి ఏడాదికోసారి పూనకం వస్తుంది. ఉద్యోగులు ఒకరినొకరు అర్థం చేసుకోవాలట. అందుకని బయట నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపిస్తారు. ప్రతి మాటకీ ముందు "ఉత్సాహంగా" అంటాడు కాబట్టి ఆయన్ని మేం ఉత్సాహంగారు అంటాం. ఒక ఏడాది ఇద్దరేసి మనుషుల్ని ఒకే పెద్ద చొక్కాలో దూర్చి, బొత్తాలు పెట్టి, పది పార్సిళ్లు కట్టమన్నాడు. ఆ ఆటలో మహారాణి జట్టే గెలిచింది. ఆ మరుసటి ఏడాది అందర్నీ చీకటి గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కళ్లూ దగ్గుతుంటే అది ఎవరి దగ్గో చెప్పమన్నాడు. ఆ రోజు ఆవిడకి జ్వరం. "రాణిగారు మన దగ్గులు వినడానికి కూడా రారా?" అన్నాను నేను. అందరూ నవ్వారు.

ఈసారి వచ్చిన కాగితంలో ఇలా ఉంది. కళ్లకి గంతలు కట్టుకోవాలి. నీళ్లు తీసేసిన పాత ఈత కొలను మీద చెక్కలు వేస్తారు. వాటి మీద నడిచి అవతలి గట్టుకి చేరాలి. గట్టు మీద నిలబడ్డ తోటి ఉద్యోగి మాటతో దారి చూపాలి. ముట్టుకోకూడదు, మాట ఒక్కటే.

ఆ కాగితం చదివి ఆవిడ బల్ల మీద బోర్లా పెట్టేయడం నేను చూశాను. మనతో ఆడాలంటే నామోషీ కాబోలు అనుకున్నాను. అంతకంటే పెద్ద ఆలోచన నా బుర్రకి తట్టలేదు.

ఈసారి తప్పించుకునే దారి కూడా లేదు. మా బ్రాంచీని, ఇంకో బ్రాంచీని కలిపేస్తున్నారు. కౌంటర్లో ఎవరుండాలి, లోపల ఎవరుండాలి అనేది ఆ రోజు ఆట చూసి తేలుస్తామని మేనేజరు చెప్పేశాడు. ఆవిడ ఆయన గదికి వెళ్లి, "ఒంట్లో బాగుండటం లేదండీ, ఆ రోజు సెలవు కావాలి" అంది. ఆయన నవ్వాడు. "పోయినసారి డాక్టరు కాగితం తెచ్చారు. ఈసారి డాక్టర్నే తీసుకొచ్చి చూపించండి, అప్పుడు ఇస్తాను."

జంటలు వేసే రోజు చెయ్యెత్తి మహారాణిని కోరుకున్నది కూడా నేనే. "ఒక్కరోజైనా ఆవిడ నా మాట వినాలి కదా సార్" అన్నాను. గది గదంతా నవ్వింది.

ఆ సాయంత్రం చెల్లెలు అడిగిందట, "అక్కా, ఆ అమ్మాయికి చెప్పేస్తే పోదా? సైగ ఏదో మాట్లాడుకోవచ్చుగా?"

"ఇంకెవరికైనా చెప్తానే. ఆ పిల్లకి మాత్రం చెప్పలేను. మనసులో ఏముండదు, కానీ నోట్లో ఏదీ ఆగదు."

"మరెలా?"

"లెక్కపెట్టుకుంటాను" అందట.

వారం రోజులు ఇంటి వరండాలో గంతలు కట్టుకుని నడిచింది. చెల్లెలు నేల మీద చాక్‌పీసుతో గీతలు గీసి, పక్కన నడుస్తూ కాపలా కాసింది. "అక్కా, నువ్వు ఇలా గోడల్ని గుద్దుకుంటుంటే ఇంటివాళ్లు నేనే కొడుతున్నాననుకుంటారు" అని నవ్వించబోయిందట. కళ్లు కట్టుకుని ఉంది కాబట్టి ఆ జోకు ఆవిడకి చేరలేదు. పెదాలు కనపడకపోతే ఆవిడకి లోకం మొత్తం మూసుకుపోయినట్టే. చెల్లెలు అది చెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను.

ఆట ముందురోజు ఆఫీసు అవగానే ఆవిడ ఆ కొలను దగ్గరికి వెళ్లింది. చెక్కలు అప్పటికే వేసేశారు. వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికి వెళ్లి, కళ్లు తెరుచుకుని రెండుసార్లు, మూసుకుని రెండుసార్లు నడిచింది. మొదటి చెక్క మీద పద్దెనిమిది అడుగులు. అక్కడ పరంజా మీద మంచమంత చదును. ఆ చదును మీద ఎడమకి తిరగాలి. తిరిగాక జానెడు సందు ఉంటుంది, దాన్ని దాటి కాలు వేయాలి. రెండో చెక్క మీద పదకొండు అడుగులు. అంతే, గట్టు. ఇంటికి వచ్చి, "గండం గడిచినట్టేనే" అని చెల్లెలి చేతులు పట్టుకుందట. ఆ వారంలో కడుపునిండా తిన్నది ఆ పూటే.

మరునాడు పొద్దున నడిచేవాళ్లందర్నీ బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి గంతలు కట్టారు. దారి చూపేవాళ్లం మేం కొలను గట్టు మీద ఉన్నాం. మూతబడి ఎన్నేళ్లయిందో, గోడలకి పాచి ఎండిపోయి ఉంది. చిన్న మాట అన్నా నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తోంది. లోతు వైపు నిలువున్నర ఉంటుంది. చెక్కల కింద పరుపులు పరిచారు. మొదటి జంటలో మా డ్రైవరు గంతల కింద నుంచి చూస్తూ నడిచి దొరికిపోయాడు. ఉత్సాహంగారికి రోషం వచ్చింది.

"ఉత్సాహంగా దారి మార్చేద్దాం!" అన్నాడు. ఇద్దరు పనివాళ్లు రెండో చెక్కని ఎత్తి ఎడమ నుంచి కుడికి వేశారు. దాని కింది పరుపుల్ని కూడా కుడివైపుకి లాగారు. ఎడమవైపు సిమెంటు నేల మిగిలింది. గదిలో ఉన్నవాళ్లకి ఇదేమీ తెలియదు. దారి చెప్పడానికి మేం ఉన్నాం కదా.

ఆరో జంట మాది. ఆవిడని భుజం పట్టుకుని తీసుకొచ్చి చెక్క మొదట్లో నిలబెట్టి, ఉత్సాహంగారు అవతలి గట్టుకి వెళ్లిపోయాడు. నేను ఆవిడ వెనక నాలుగడుగుల దూరంలో ఉన్నాను. వీపు తప్ప నాకు ఏమీ కనపడటం లేదు. ఎనిమిదేళ్లుగా చూస్తున్న వీపే.

"నడవండి మేడమ్, తిన్నగా" అన్నాను. నేను అనకముందే ఒక కాలు వేసేసింది.

ఎంత బాగా నడిచిందో! అంతకుముందు వాళ్లంతా చేతులు చాపి, పాదం ఈడ్చుకుంటూ, "అమ్మో అమ్మో" అంటూ నడిచారు. ఆవిడ మామూలుగా బస్సు దిగి ఇంటికి వెళ్తున్నట్టు నడిచింది. గట్టు మీద ఈలలు వేశారు. మేనేజరు కాగితం మీద ఏదో రాసుకుని తలాడించాడు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది, నా మాట వింటోందని. మధ్యలో చిలిపితనానికి "కాస్త ఆగండి మేడమ్" అన్నాను. ఆగలేదు. "ఆగమన్నానా?" అన్నాను. ఆగలేదు. చూశారా పొగరు, అనుకున్నాను.

చదును మీదికి ఎక్కింది. "ఇప్పుడు కుడికి తిరగండి" అన్నాను.

ఎడమకి తిరిగింది.

"కుడికి మేడమ్. కుడికి! అటు కాదు!"

ఆవిడ ఎడమవైపు మొహం పెట్టి, అంచు ఎక్కడుందో బొటనవేలితో తడిమి చూసుకుంది. అప్పుడు ఆవిడ మొహం పక్క నుంచి కనపడింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటోంది. నేను గొంతు పగిలేలా అరుస్తున్నాను, గోడలన్నీ నా అరుపుని తిరిగి అరుస్తున్నాయి, ఆ మొహంలో మాత్రం ఒక్క గీత కదలలేదు. అరుపుని ఖాతరు చేయని మనిషి మొహం అలా ఉండదు. ఆ క్షణంలో నాకు పొద్దుటి ఎండ, కౌంటర్ గాజు, జుట్టు కింది చెవులు, దగ్గుల ఆటనాటి జ్వరం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

"ఆవిడకి వినపడదు!" అని కేక పెట్టాను. "వినపడదండీ ఆవిడకి! ఎవరైనా పట్టుకోండి!"

కొలను అంతా ఆ మాటే మోగింది. పట్టుకోవడానికి ఎవరూ దగ్గర్లో లేరు. ఉత్సాహంగారు అవతలి గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆవిడ జానెడు సందు దాటడానికి కుడికాలు ఎత్తింది.

నేను ముందుకి ఉరికి, మోకాళ్ల మీద పడి, చెక్క మొదట్లో పిడికిలితో రెండు దెబ్బలు వేశాను. ఆలోచించి వేయలేదు. ఆవిడ తిరక్కపోతే నేను రోజూ చేసే పని అదే కాబట్టి చేశాను.

చెక్క అదురు రెండో పాదానికి తగిలిందేమో, ఎత్తిన కాలు గాలిలో ఆగిపోయింది. మెల్లగా వెనక్కి వచ్చి చదును మీద ఆనింది. ఆవిడ కదలకుండా నిలబడింది.

నేను ఆ చెక్క మీద పాకుతూ వెళ్లానో నడుస్తూ వెళ్లానో గుర్తు లేదు. చెయ్యి పట్టుకోగానే ఆవిడ చెయ్యి మంచులా తగిలింది. గంతలు తనే విప్పుకుంది. ముందు ఎడమవైపు చూసింది. కింద సిమెంటు చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క నిమిషం నా భుజం మీద వాలి ఊపిరి పీల్చుకుంది. తర్వాత తలెత్తి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నీకు తెలిసిపోయింది కదూ? అందుకే చెక్క కొట్టావు."

తలూపాను.

"పోన్లే. నీ ఒక్కదానికేగా. ఎవరికీ చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతాను. పడకుండా ఆగాను కదా, మార్కులు మరీ తక్కువ రావులే." నిజంగానే నవ్వింది. వారం రోజుల భయం దిగిపోయిన నవ్వు అది.

నేను అరిచిన మాట అక్కడ వినని మనిషి ఆవిడ ఒక్కతే.

ఆవిడ నవ్వు మొహంతోనే గట్టు వైపు తిరిగింది. అవతల ఇరవై అడుగుల దూరంలో మా క్యాషియరు, పక్కనున్నావిడతో ఏదో గుసగుసలాడుతున్నాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆవిడ మాత్రం ఆ పెదాల వంకే చూసింది. తర్వాత పక్కనున్నావిడ పెదాల వంక. తర్వాత మేనేజరు వంక. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, జాలిగా తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో నేను చూశాను.

నా వైపు తిరిగింది. "ఎవరు చెప్పారు?"

నేను ఏ అబద్ధం చెప్పినా ఆవిడకి తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధమాడను. క్యాషియరు పసిగట్టాడనొచ్చు, ఉత్సాహంగారికే అనుమానం వచ్చిందనొచ్చు. కానీ ఆవిడ నా పెదాల వైపు చూస్తోంది, కౌంటర్లో పోయిన పార్సిలు వాళ్ల వైపు చూసినట్టే, కన్ను తిప్పకుండా.

"నేనే" అన్నాను.

సోమవారం మేనేజరు ఆవిడని పిలిచి చాలా మెత్తగా మాట్లాడాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేదన్నాడు. "మీరు ఇబ్బంది పడకండమ్మా" అన్నాడు. పాత రికార్డుల గదిలోకి మార్చాడు. ఆ మాట ఆవిడ ఇంతకుముందు ఒకసారి విన్నదని ఆయనకి తెలియదు. నేను వెళ్లి మొత్తుకున్నాను. ఆ ఉత్తరాలన్నీ ఆవిడ గురించే కదా సార్, ఆ కౌంటర్లో ఆవిడకి ఏ ఇబ్బందీ లేదు కదా అన్నాను. "రేపు ఏదైనా అయితే ఎవరిది పూచీ?" అన్నాడు. కొలను మీద ఆవిడని నడిపించినవాళ్లెవరో ఆయనకి అప్పటికే గుర్తు లేదు. ఆ కౌంటరు నాకిచ్చారు.

ఇప్పుడు నేను రోజంతా ఆ కన్నానికి చెవి అంటించి, "ఆఁ? ఏంటి? మళ్లీ చెప్పండి" అంటూ ఉంటాను. ఇంతవరకు నా గురించి ఎవరూ ఉత్తరం రాయలేదు.

రికార్డుల గదిలో బల్లని గోడకి బిగించేశారు. కూర్చుంటే వీపు తలుపు వైపు ఉంటుంది. ఎవరు ఎప్పుడు వెనకకి వచ్చి నిలబడతారో తెలియదు. మొదటి వారం ఆవిడ ఐదు నిమిషాలకోసారి ఉలిక్కిపడి వెనక్కి చూసేది. బల్ల తిప్పించమని రెండుసార్లు కాగితం పెట్టాను, జవాబు రాలేదు. తర్వాత ఆవిడే ఇంటి నుంచి చిన్న అద్దం తెచ్చి ఎదుటి గోడకి మేకు కొట్టుకుంది. ఆ గది కూడా అక్కర్లేదని ఎప్పుడంటారోనని వాళ్ల చెల్లెలికి నిద్ర లేదు. నాకూ లేదు.

రోజూ టీ వేళకి వెళ్తాను. ఆ అద్దంలో నేను గుమ్మంలో నిలబడటం స్పష్టంగా కనపడుతుంది. అయినా దగ్గరికి వెళ్లి బల్ల మీద మెల్లగా రెండుసార్లు తడతాను. కొన్ని రోజులు తలెత్తి "చెప్పమ్మా" అంటుంది. కొన్ని రోజులు అద్దంలో నన్ను చూసి కూడా తలెత్తదు. నేను కాసేపు నిలబడి, టీ గ్లాసు అక్కడ పెట్టి వచ్చేస్తాను.